విరిగిన కాలికి కట్టు: ఆవులు, గేదెలకు కోత లేని వైద్యం

ఆవుకైనా గేదెకైనా కాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా విరిగేది ముంగాలిలో మోకాటికీ గిట్టకూ మధ్య ఉండే ఎముక. వెనక కాలిలో అయితే మడమ కీలుకూ గిట్టకూ మధ్య ఉండేది. అక్కడ కండ ఉండదు. ఎముక మీద స్నాయువులు, వాటి మీద తోలు, అంతే. తగిలిన దెబ్బ నేరుగా ఎముకకే తగులుతుంది. కండ లేకపోవడం వల్లనే కట్టుకు బాగా లొంగేదీ ఈ ఎముకే. పైకి పోయేకొద్దీ, పిక్క ఎముక, తొడ ఎముక, జబ్బ ఎముకల దగ్గరికి వచ్చేసరికి చుట్టూ కండ దట్టంగా ఉంటుంది. అక్కడ విరగడం తక్కువ, విరిగితే కట్టు నిలవడం కష్టం. కోత లేకుండా కాలు బాగుచేయడంలో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా, ఏ ఎముక, ఎంత ఎత్తులో విరిగిందో ముందు తేలాలి.

పెద్ద పశువుల కాళ్లు విరగడానికి కారణాలు పల్లెల్లో అందరికీ తెలిసినవే: రోడ్డు మీద బండ్లు గుద్దడం, లారీలోంచి దించేటప్పుడు దూకడం, గట్టు మీద ఎలుక బొరియలో కాలు దిగబడడం, నాచు పట్టిన సిమెంటు నేల మీద జారడం, ఎద్దులు కుమ్ముకోవడం. నల్లగొండ జిల్లాలాగా తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట్ల పశువుల ఎముకలు కూడా దెబ్బతింటాయి. వరిగడ్డి తప్ప మరేమీ దొరకని పశువులకు భాస్వరం చాలదు. పైగా ఆ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అలాంటి పశువు ఎముక చిన్న దెబ్బకే విరగవచ్చు.

దూడల సంగతి వేరు. తల్లి తొక్కడం ఒక కారణమైతే, కష్టపు ఈనికలో కాళ్లకు తాడు వేసి బలంగా లాగడం మరో పెద్ద కారణం. ఒకే ఉచ్చు బిగించి నలుగురూ ఒక్కసారిగా లాగితే బలమంతా ఒక్క చోటే పడి ఎముక విరుగుతుంది. గిట్ట పై కీలుకు పైన ఒక చుట్టు, కింద మరో చుట్టు వేసి, తల్లి ముక్కినప్పుడు మాత్రమే లాగితే ఆ బలం రెండు చోట్లకు పంచుకుపోతుంది. లేగదూడల్లో ఎముక తరచు చివర, పెరుగుదల పలక దగ్గర విడిపోతుంది. ఎముక పొడుగు పెరిగేది ఆ పలక దగ్గరే. పిల్లల్లో ఇలాంటి విరుపులను టొరంటోకు చెందిన సాల్టర్, హ్యారిస్ 1963లో 5 రకాలుగా విభజించారు. పశువైద్యులు దూడలకూ ఆ విభజననే వాడుతున్నారు. తాడు వేసి లాగిన దూడ కాలిలో ఎముకతో పాటు రక్తనాళాలు కూడా నలిగిపోతే గిట్ట చల్లబడుతుంది. అలాంటి కాలు ఎంత చక్కటి కట్టు కట్టినా నిలవకపోవచ్చు. అందుకే కట్టుకు ముందు గిట్టను చేత్తో పట్టి వెచ్చగా ఉందో లేదో చూడడం తప్పనిసరి.

ఎముక అతుక్కునే తీరు

విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి కొత్త రక్తనాళాలు, కణాలు చేరి రెండు మూడు వారాల్లో దాన్ని మెత్తటి మృదులాస్థిగా మారుస్తాయి. దీన్నే కాలస్ అంటారు. చేత్తో తడిమితే విరిగిన చోట ఉబ్బుగా తెలిసేది అదే. ఆ తర్వాత దానిలో కాల్షియం లవణాలు పేరుకుని అది గట్టి ఎముకగా మారుతుంది. చివరి దశ నెలల తరబడి సాగుతుంది: అవసరం లేని చోట ఎముక కరుగుతూ, బరువు పడే చోట కొత్తగా చేరుతూ పాత రూపానికి దగ్గరవుతుంది. బరువును బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియుస్ వోల్ఫ్ 1892లో చెప్పిన సూత్రం ఇదే. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక మాత్రం అతుక్కున్న చోట మళ్లీ ఎముకగానే తయారవుతుంది.

ఈ పని అంతా శరీరం తనంతట తానే చేసుకుంటుంది. వైద్యుడు చేయగలిగిందల్లా విరిగిన కొసలను ఎదురెదురుగా తెచ్చి, అవి కదలకుండా, కుళ్లకుండా కాపాడడం. కొసలు అదేపనిగా కదులుతుంటే కొత్తగా పుట్టే రక్తనాళాలు ఎప్పటికప్పుడు తెగిపోతాయి. కాలస్ మృదులాస్థి దశలోనే ఆగిపోయి, ఒక్కోసారి అక్కడ దొంగ కీలు ఏర్పడుతుంది.

ఈ విషయంలో ఆవు, గేదె మంచి రోగులు. కాలు విరిగిన గుర్రం రోజంతా మిగిలిన కాళ్ల మీదే నిలబడి, బాగున్న కాలి గిట్టను కూడా చెడగొట్టుకుంటుంది. ఆవు మామూలుగానే రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకుని నెమరు వేస్తుంది. నొప్పి ఉంటే ఇంకాసేపు పడుకుంటుంది. కట్టును కొరికి పీకదు. పైగా దూడల ఎముకలకు అతుక్కునే శక్తి చాలా ఎక్కువ. పలకలు, స్క్రూలు వేసే శస్త్రచికిత్స తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు తీసుకెళ్తే తప్ప దొరకదు. ఖర్చు కూడా ఎక్కువే. 500 కిలోల గేదె మత్తు దిగగానే లేచి ఆ కాలి మీద బరువు వేస్తుంది కాబట్టి మనుషుల కోసం చేసిన పలకలు ఆ బరువుకు వంగిపోవచ్చు, స్క్రూలు ఊడిపోవచ్చు. అందువల్ల మోకాటి కింది ఎముకలకు కట్టు వైద్యాన్ని గత్యంతరం లేక చేసేదిగా చూడడం సరికాదు. చాలా సందర్భాల్లో అదే మేలైన వైద్యం.

తొలి గంటలు

విరిగిన కాలును పశువు నేలకు ఆనించదు. అది కదిలితే కాలు విరిగిన చోట ఊగులాడుతుంది. తడిమితే ఎముక కొసలు రాసుకుని కరకరలాడతాయి. అయితే తొడ మీదో జబ్బ మీదో వాపు వచ్చి, నొక్కితే చిటపటమన్నంత మాత్రాన విరిగిందని తేల్చుకోకూడదు. ఒళ్లు కాలిపోతూ, మేత మానేసి ఉంటే అది జబ్బవాపు వ్యాధి కావచ్చు. అక్కడ చిటపటలాడేది కండలో చేరిన వాయువు. ఆ వ్యాధిలో పశువు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతుంది కాబట్టి ఈ తేడా తెలిసి ఉండడం ముఖ్యం. కీలు తప్పడం, జబ్బ నరం దెబ్బతినడం, గిట్టలో చీము పట్టడం కూడా విరిగినట్టే కనిపించవచ్చు.

విరిగినప్పుడు తోలు తెగకపోతే సగం గెలిచినట్టే. తోలు చీలి ఎముక బయటపడితే క్రిములు లోపలికి చేరి అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ఎముక ముక్క చచ్చిపోయి చీము కారుతుంది. తెగని తోలును తెగేలా చేసేది చాలాసార్లు ఆ తర్వాత జరిగే నిర్వాకమే. పశువును లేపి, మూడు కాళ్ల మీద ఇంటిదాకా నడిపించుకు వస్తారు. వాడి కొస లోపలినుంచి పల్చటి తోలును పొడుచుకుని బయటికి వస్తుంది. పడిన చోటే పశువును ఉంచి, కాలికి తాత్కాలికంగా బద్దలు కట్టి, ఆ తర్వాతే ట్రాలీలోకి ఎక్కించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు. ఆ బండి వచ్చేలోగా చేయాల్సిన పని ఇదే.

గాయం ఉంటే ముందు శుభ్రమైన నీళ్లు ధారాళంగా పోసి కడిగి, మెత్తటి శుభ్రమైన గుడ్డ కప్పాలి. పసుపు, పేడ, బూడిద పెట్టకూడదు. ఆ పైన కాలంతా దూదో పాత నూలు చీర పేలికలో మందంగా చుట్టి, రెండు బద్దలు పెట్టాలి: ఒకటి కాలి వెనక, మరొకటి బయటి పక్క. వెదురు బద్దలు సరిపోతాయి. నిలువుగా రెండుగా కోసిన పీవీసీ గొట్టం ఇంకా బాగుంటుంది, కాలి గుండ్రానికి చక్కగా అమరుతుంది. బద్దలు గిట్ట అంచు నుంచి విరిగిన చోటుకు పైనున్న కీలు దాటేదాకా ఉండాలి.

మోకాటి పైన, లేదా వెనక కాలిలో పిక్క ఎముక విరిగితే బయటి పక్క బద్ద ఇంకా పొడుగ్గా, ముంగాలికైతే భుజందాకా, వెనక కాలికైతే తుంటిదాకా ఉండాలి. అక్కడ కండలన్నీ బయటి పక్కన ఉంటాయి, లోపలి పక్కన ఎముక మీద తోలే ఉంటుంది. కండలు కాలి కింది భాగాన్ని బయటికి లాగితే కొస లోపలి తోలును చీల్చుకుని వస్తుంది. పొడుగాటి బద్ద ఆ లాగుడును ఆపుతుంది.

తొడ ఎముక, జబ్బ ఎముక విరిగినప్పుడు మాత్రం బద్దలు అసలు కట్టకూడదు. ఆ ఎముకకు పై కీలు శరీరంలోనే కలిసిపోయి ఉంటుంది. ఎంత కట్టినా కట్టు విరిగిన చోటి దగ్గరో ఇంకా కిందనో ఆగిపోతుంది. గొలుసు చివర ఇనప గుండు కట్టినట్టు, ఆ బరువంతా కింద వేలాడుతూ పశువు కదిలిన ప్రతిసారీ విరిగిన చోటును ఊపుతుంది. సాయం చేద్దామన్న ఆత్రంలో జరిగే ఈ తప్పు, ఏమీ చేయకుండా వదిలేయడం కంటే ఎక్కువ హాని చేస్తుంది.

బద్దల నుంచి పిండికట్టుదాకా

కదలకుండా ఉంచితే ఎముక అతుక్కుంటుందన్న ఎరుక చాలా పాతది. సుశ్రుత సంహిత మేడి, రావి, మోదుగ, మద్ది బెరళ్లను, వెదురును బద్దలుగా కట్టమంటుంది. చలికాలంలో 7 రోజులకు, ఎండాకాలంలో 3 రోజులకు కట్టు మార్చమంటుంది. తిరుపతికి దగ్గర్లోని పుత్తూరు కట్టు తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాలన్నిటికీ తెలిసిందే: ఆకుల ముద్ద, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు. పశువులకు నల్లేరు దంచి కట్టడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప బృందం నల్లేరు మీద ప్రయోగాలు చేసి, ఎముక అతుక్కోవడంలో అది తోడ్పడుతుందని చెప్పింది. అయినా కొసలు సరిగా కూర్చి, పైనా కిందా కీళ్లు కదలకుండా బిగించకపోతే ఏ ఆకూ పనిచేయదు. పచ్చి నల్లేరులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు తోలును దురదపెట్టి పుండు చేస్తాయి కూడా.

పిండికట్టు 19వ శతాబ్దపు వరం. డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథైసెన్ 1852లో నూలు గుడ్డ పట్టీలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి పట్టించి వాడే పద్ధతిని ప్రకటించాడు. జిప్సం రాయిని కాల్చి దానిలోని నీటిలో ముప్పావు వంతు పోగొడితే ఈ పొడి వస్తుంది. నీళ్లు తగలగానే పోయిన నీటిని మళ్లీ పీల్చుకుని వేడెక్కుతూ రాయవుతుంది. ఇప్పుడు దానికి తోడు ఫైబర్‌గ్లాస్ పట్టీలూ వచ్చాయి. గాజు దారాల అల్లికకు పట్టించిన పాలియురిథేన్ జిగురు నీళ్లు తగిలితే గట్టిపడుతుంది. పిండికట్టు నిమిషాల్లో బిగిసినా పూర్తి బలం రావడానికి 2, 3 రోజులు పడుతుంది. అంతవరకు పశువు దాని మీద బరువు వేస్తే పగులుతుంది. ఫైబర్‌గ్లాస్‌కు గంటలోపే బలం వస్తుంది, తేలిక, పేడకూ మూత్రానికీ నానదు. ధర మాత్రం ఎక్కువ. దూడలకు పిండికట్టు చాలా మటుకు సరిపోతుంది. ఈనిన గేదెకు, దుక్కిటెద్దుకు ఖర్చు భరించగలిగితే ఫైబర్‌గ్లాసే మేలు.

కట్టు వేయడం ఓపికతో కూడిన పని. మత్తు మందుగా సాధారణంగా వాడే జైలజిన్ గుర్రానికి ఇచ్చే మోతాదులో పదో వంతే పశువుకు చాలు. చూడి చివరి నెలల్లో అది గర్భసంచిని బిగిస్తుంది కాబట్టి వేరే దారి చూడాలి. మత్తులో పక్కకు పడుకున్న పశువుకు కడుపు ఉబ్బుతుంది, నోట్లోకి వచ్చిన మేత ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే పెద్ద పశువును ముందు రోజు నుంచి మేత పెట్టకుండా ఉంచి, పని అవగానే బోర్లా, రొమ్ము ఆనేలా కూర్చోబెడతారు.

విరిగిన కాలు పైకి ఉండేలా పడుకోబెట్టి, రెండు గిట్టల మొనలకు సన్నటి రంధ్రాలు వేసి తీగ దూర్చి, ఆ తీగకు తాడు కట్టి లాగుతారు. గిట్ట మొనలో నొప్పి తెలియదు. ఒక్కసారిగా గుంజితే కండలు ఎదురు బిగుసుకుంటాయి. పావుగంటపాటు ఒకే బిగువున లాగి పట్టుకుంటే అవి అలిసిపోయి వదులవుతాయి. ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన కొసలు అప్పుడు ఎదురెదురుగా వస్తాయి. ఎక్స్‌రేలో కనీసం సగం మేర కొసలు కలిస్తే చాలు. కాలు కాస్త వంగి అతుక్కున్నా ఎదిగే దూడలో అది కాలక్రమంలో సర్దుకుంటుంది. మెలి తిరిగి అతుక్కుంటే మాత్రం సర్దుకోదు. కనుక గిట్టలు మోకాలు చూసే వైపే చూస్తున్నాయా లేదా అని కట్టు వేసేముందు ఒకటికి రెండుసార్లు చూడాలి.

తర్వాత దూది. ఎక్కువ చుడితే అది నలిగిపోయి కట్టు వదులవుతుంది, తక్కువైతే పుండ్లు పడతాయి. గిట్టల వెనక వేలాడే చిన్న గిట్టలు, మోకాటి వెనక ఉబ్బెత్తు ఎముక, మడమ మొన ఒరిపిడికి తావులు. వాటి చుట్టూ మధ్యలో రంధ్రం ఉన్న దూది చుట్లు పెడతారు. పట్టీని బకెట్లోని గోరువెచ్చని నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, రెండు కొసలు పట్టుకుని మెల్లగా పిండి, ముందు చుట్టు సగం మీద పడేలా చుట్టుకుంటూ పోతారు. తడి కట్టును వేళ్లతో పట్టుకోకూడదు. వేలి గుంట లోపలికి గట్టిపడి కొన్ని రోజుల్లో పుండవుతుంది. అరచేతులతోనే నిమరాలి. గిట్టలను బయట వదలకుండా కట్టులోకే కలిపి మూసేయాలి. లేదంటే పశువు వేసే ప్రతి అడుగూ ఎముకను పైకి నెడుతుంది. అడుగున లారీ ట్యూబు ముక్క అంటిస్తే నడకకు అరగదు.

గాయం ఉన్న కాలికి కూడా కట్టు వేయవచ్చు. పుండు ఎదురుగా కిటికీలా కోసి, రోజూ శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ ఇస్తారు. మందు ప్రభావం తగ్గేదాకా పాలు వాడకూడదు.

కట్టుకు లొంగని ఎముకలు

మోకాటి పై ఎముక, పిక్క ఎముక విరిగితే ఒట్టి కట్టు చాలదు. మోచేయీ, తొడ కింది కీలూ కండలో, తోలు ముడతల్లో దాగి ఉండడం వల్ల కట్టు వాటిని దాటి పోలేదు. దీనికి థామస్ చట్రం వాడతారు. ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టి లివర్‌పూల్‌లో వైద్యం చేసిన హ్యూ ఓవెన్ థామస్ మనుషుల కోసం చేసిన చట్రం ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని విరివిగా వాడించి తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల ప్రాణాలు కాపాడాడు. పశువు విషయంలో కాలు మొదట్లో చంకలోనో గజ్జలోనో ఆనే ఇనప రింగు, దానినుంచి కిందికి దిగే రెండు కమ్మీలు, అడుగున గిట్టను కట్టే రేకు ఉంటాయి. బాగున్న కాలి కొలత తీసుకుని ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే చేయించవచ్చు. పశువు బరువు కాలి మీద కాకుండా రింగు మీద పడుతుంది. రింగుకు మందంగా గుడ్డ చుట్టకపోతే గజ్జలో ఒరుసుకుని పుండవుతుంది. చట్రం ఉన్న పక్కకు పడుకుంటే పశువు లేవలేదు. రాత్రుళ్లు కూడా ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి.

తొడ ఎముక విరిగిన పెద్ద పశువు కోలుకోవడం అరుదు. జబ్బ ఎముక, తుంటి ఎముక విరిగితే చుట్టూ ఉన్న కండే బద్దలా పనిచేస్తుంది. ఇరుకైన కొట్టంలో మెత్తటి పరుపు వేసి నెలల తరబడి కదలనీయకుండా ఉంచితే చాలా పశువులు నిలదొక్కుకుంటాయి. తుంటి విరిగి అతుక్కున్న ఆవును చూడి కట్టించేముందు పశువైద్యుడు లోపల చెయ్యి పెట్టి ఈనే దారి ఇరుకైందేమో చూడాలి.

కట్టు మీద వారాలు

నాలుగైదు వారాల్లో లేగదూడ ఎముక అతుక్కుంటుంది, పెద్ద పశువుకు 6 నుంచి 10 వారాలు పడుతుంది. దూడ ఎదుగుతుంది కనుక 3 వారాలకు కట్టు మార్చాలి. ఈ వారాల్లో కొట్టంలో జరిగే సేవే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. జారే నేల మీద వరిగడ్డో ఇసుకో పరవాలి. లేవలేని పశువును కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. రోజూ కట్టు మీద చెయ్యి వేసి చూడాలి. ఒక చోట మాత్రమే వెచ్చగా ఉండడం, వాసన రావడం, ఈగలు ముసరడం, కట్టు పై అంచున వాపు, నిన్నటిదాకా ఆనించిన కాలును ఇవాళ ఎత్తేయడం, వీటిలో ఏది కనిపించినా కట్టు విప్పి చూడాల్సిందే.

గేదెకు అదనపు చిక్కు నీళ్లు. నల్లటి తోలు, తక్కువ చెమట గ్రంథుల వల్ల అది ఎండను తట్టుకోలేదు, చెరువులో పడుకోవాలని చూస్తుంది. ఒక్కసారి నీళ్లలో దిగితే పిండికట్టు పిండైపోతుంది. ఫైబర్‌గ్లాస్ నిలిచినా లోపలి దూది నాని తోలు కుళ్లుతుంది. నీడన కట్టి, కట్టుకు పాలిథీన్ తొడిగి, వీపు మీద మాత్రమే మధ్యాహ్నం రెండు మూడుసార్లు నీళ్లు చల్లడం వేసవిలో తప్పదు.

నొప్పికి డైక్లోఫినాక్ వాడకూడదు. ఆ మందు పడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల్లో చనిపోయాక, 2006లో దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. మెలాక్సికామ్ అదే పని చేస్తుంది, రాబందులకు హాని చేయదు. మేతలో పచ్చగడ్డి, దాణా, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెద్ద పశువుకు సరిపోతాయి.

కట్టు తీసేందుకు అటూ ఇటూ అదిరే రంపం ఉంటే సులువు. అది గట్టి పదార్థాన్ని కోస్తుంది, మెత్తటి తోలు దానితో పాటు అదురుతుంది తప్ప తెగదు. అది దొరకని చోట, కట్టు వేసేటప్పుడే రెండు పక్కలా సెలైన్ గొట్టంలో రంపపు తీగ దూర్చి ఉంచితే, తర్వాత దాన్ని అటూ ఇటూ లాగి లోపలినుంచి కోయవచ్చు. విప్పగానే దూడ గిట్ట కీలు కిందికి కుంగినట్టు కనిపిస్తుంది. వారాల తరబడి పనిలేక స్నాయువులు వదులవడం వల్ల అలా అవుతుంది. మెత్తటి కట్టు, కొద్ది రోజులు కొట్టం దాటని నడక చాలు, బిగువు తిరిగి వస్తుంది. పెద్ద పశువును మరో నెల మందలో తోలకూడదు. ఎద్దు కుంటకుండా నడిచినా, లోపల ఎముక ఇంకా మలుచుకుంటూనే ఉంటుంది కాబట్టి కాడి మెడకెత్తడానికి మరికొన్ని నెలలు ఆగాలి. ముందు ఖాళీ బండికి కట్టి, ఆ తర్వాతే దుక్కికి దింపాలి.